కాంతిమతి అడిగిన వరం

పూర్వం కృతయుగపు చివరి పాదంలో, పూర్ణికానది సముద్రంలో కలిసేచోట, శాలికమనే దేశాన్ని ధృతవర్మ పాలించేవాడు. మూడేళ్లు మోకాలిలోతు నీటిలో నిలిచి తపస్సు చేసి, జలాధిపతీ పాశహస్తుడూ అయిన వరుణదేవుణ్ణి మెప్పించి, తన దేశంలో నెలకు మూడు వానలు కురిసేలా వరం పొందిన రాజు అతడు.

ఆ రాజు దీర్ఘశ్రవ మహర్షి కూతురు, సకలశాస్త్రాలూ చదివిన కాంతిమతిని పెళ్లాడాడు. మొదటి నెలంతా ఆమెకు పండగే. అంతఃపురం గవాక్షంలోంచి నది మలుపు కనిపించడం, భర్త సభనుంచి వస్తూ తలపాగాలో దాచి ఒక్క సంపెంగ తేవడం, కొత్తబియ్యం ఉడుకుతున్న వాసన, ఇలాంటివి తలచుకుని తనలో తాను నవ్వుకునేది. అన్నిటికంటే ఆమెకు నచ్చింది ఆ వంశపు ఆచారం. కోటకు ఉత్తరాన పన్నెండు ఆపద్గాదెలు ఉండేవి. పంట విరగపండిన ఏడు ఖర్చుకు మించిన ధాన్యమంతా వాటిలో పోయాలనీ, వానలు తప్పిన ఏడు తప్ప తెరవకూడదనీ రాజు తాతగారు కట్టడి చేశారు. తాళపుచెవులు కొత్తకోడలి చేతిలో పెట్టేవారు. పుట్టిల్లు వదిలి వచ్చిన పిల్లకే రేపేమవుతుందోనన్న జాగ్రత్త ఎక్కువని ఆ పెద్దాయన నమ్మకం.

ఆమె కాపురానికి వచ్చేనాటికి, వరం ప్రకారం వానలు కురవడం మొదలై ఆరేళ్లు కావస్తోంది. ధృతవర్మ ఆ రాబడి ఎప్పటికీ అంతేనని నమ్మి, పన్నులు తగ్గించి, కొలువులు రెట్టింపు చేసి, ఏ ఏటికాయేడు చూసుకోవలసిన దానాలను సూర్యచంద్రులున్నంతకాలమని రాళ్లమీద చెక్కించాడు. ఏడో ఏడు వచ్చేసరికి రాబడి ఖర్చుకే చాలకపోయింది. అప్పుడు రాజపురోహితుడైన విశ్వధరుడు నిండుసభలో లేచి, సాక్షాత్తూ వరుణదేవుడు మాటిచ్చిన తరువాత కూడా గాదెలు నింపుకుని కూర్చోవడమంటే ఆయన్ని శంకించడమేననీ, ఆ పాపం పోవాలంటే వాటిని ఖాళీచేసి వరుణోత్సవం జరపాలనీ చెప్పాడు. సభంతా తలలూపింది.

రాజు సంతోషంగా అంతఃపురానికి వచ్చి తాళపుచెవులు అడిగాడు.

"దేవుడి మాట మీద మనకెంత నమ్మకమో లోకానికి తెలియాలి, దేవీ."

"దేవుడి మీద నమ్మకం నాకూ ఉంది, ప్రభూ. మీ ఖర్చు మీదే లేదు."

"పారాణి ఆరకముందే మొగుడికి బుద్ధి చెబుతున్నావా? ఆశ్రమంలో నేర్పింది ఇదేనా?"

"ఆశ్రమంలో ఏడుగురికి వండితే ఎనిమిదో ముద్ద తీసి ఉంచేవాళ్లం, ఎవరొస్తారో తెలియదు గనక. దాన్ని ఎవరూ అపనమ్మకం అనలేదు."

రాజు విసురుగా వెళ్లి తాళాలు పగలగొట్టించాడు. ఉత్సవం ఇరవయ్యొక్క రోజులు జరిగింది. ఆ చప్పట్లు వినిపిస్తున్నంతసేపూ కాంతిమతి పళ్లు బిగించి కూర్చుంది. భర్త తెచ్చిన సంపెంగ తలవాకిట్లోనే వాడిపోయింది.

ఉత్సవం ముగిసిన నెల వాన పడలేదు. తరువాతి నెలా పడలేదు. చేలు బీటలువారాయి. పేటల్లో ఒక్కపూట తినడం మొదలుపెట్టారు, ఆ పూటకూ గంజే. ధృతవర్మ ఏనుగుల్ని, సింహాసనపు బంగారాన్ని అమ్మి, పొరుగురాజు దగ్గర నాలుగింతల ధరకు జొన్నలు కొన్నాడు. అవి రెండు నెలలకు సరిపోతాయి. విశ్వధరుడు ఇంకో ఉత్సవం చేద్దామన్నాడు.

ఆ మాట చెవిన పడగానే కాంతిమతి లేచింది. పల్లకీ వద్దని, కాలినడకన నదీముఖానికి పోయి, నడుములోతు నీటిలో నిలబడి, స్తోత్రం గీత్రం ఏదీ చదవకుండా, మాటిచ్చినవాడెవరో ఇటు రమ్మని పిలిచింది. సముద్రం రెండుగా చీలి, మకరవాహనుడైన వరుణుడు పైకి వచ్చాడు. ఆయన కళ్లు ఆమె కళ్లకంటే ఎర్రగా ఉన్నాయి.

"నేను మాట తప్పలేదు. మూడేళ్ల తపస్సుకు ఆరేళ్ల వాన. ఎన్నాళ్లని నీ భర్త అడగలేదు. పైగా గాదెలు కొల్లగొట్టి నా పేరు పెట్టాడు. వేల నదులు వచ్చిపడినా పొంగక, వేల మేఘాలు తాగినా తరగక నీటిని నిలవ ఉంచేవాణ్ణి నేను. నిలవ ఉంచడం నాకు అవమానమట. పన్నెండేళ్లు ఈ నేల మీద చినుకు రాలనివ్వను."

"తప్పు కోటలో జరిగింది, ఆకలి పేటలో ఉంది. మీ పాశం అక్కడికెందుకు విసురుతారు? గడువున్న వరానికి గడువు చెప్పకపోవడం మీకు మాత్రం తప్పు కాదా, స్వామీ?" అంది కాంతిమతి, చూపు దించకుండా.

వరుణుడు చేతిలోని పాశాన్ని దించాడు. తరువాత, కోపం చల్లారి, ఇంతవరకు తనను ఎవరూ లెక్క అడగలేదనీ, ఈసారి గడువులేని వరమే ఇస్తాననీ, నెలకు అయిదు వానలు శాశ్వతంగా కోరుకోమనీ అన్నాడు.

"అది వద్దు. అన్ని దేశాలకూ కురిసినట్టే మాకూ కురవనివ్వండి. ఒక ఏడు ఎక్కువ, ఒక ఏడు తక్కువ. ఎప్పుడేదో ముందు చెప్పకండి. మా రాజుకు భరోసా ఎక్కువైంది, తండ్రీ. కాస్త భయం ఇప్పించండి."

వరుణుడు సముద్రమంతా కదిలేలా నవ్వి తథాస్తు అన్నాడు. ఆమె కోట చేరేలోగా వాన ఆమె వెనకే వచ్చింది.

నదీముఖాన చూసినవాళ్లు చెప్పగా ధృతవర్మ అంతా విన్నాడు. పురోహితుణ్ణి సభనుంచి పంపి, సూర్యచంద్రులున్నంతకాలమని చెక్కించిన రాళ్లను పగలగొట్టించి, ప్రతి దానమూ ఆ ఏటి రాబడిని బట్టేనని చాటించాడు. మంచి ఏడు రాగానే మిగులు ధాన్యం మొదటి గంపను తానే తలకెత్తుకుని పోసి, మొదటి గాదెను నింపించాడు. ఇంతకాలమూ కాంతిమతి అతనితో మాట్లాడలేదు, వడ్డించి ఊరుకునేది. ఆ సాయంత్రం, చెమటతో, ఊకతో వచ్చి కూర్చున్న భర్త జుట్టులోంచి ఒక వడ్లగింజ తీసి,

"ఇంకా పదకొండు గాదెలున్నాయి" అంది.

తొమ్మిదేళ్లకు పన్నెండూ నిండాయి. పదో ఏట వానలు తప్పాయి. శాలికదేశంలో ఆ ఏడు ఎవరూ ఒక్కపూట కూడా పస్తు పడుకోలేదు. కాంతిమతి కథ చెప్పుకునే ఇంట కూడా గింజకు లోటు రాకుండుగాక.