పూటకూళ్ళింటి వెనక కుక్క

అనగనగా, రాజులు గుర్రాల మీదా, ఆకలి కాలినడకనా ఊళ్ళు తిరిగే కాలంలో, మల్లవరం అనే చిన్న పట్నం ఉండేది. ఆ పట్నంలో మూడు వీధులు కలిసేచోట హనుమాయమ్మ పూటకూళ్ళ ఇల్లు ఉండేది. ఆమె అత్తగారు వండిన పొయ్యి అది. అత్తగారి అత్తగారు వేసిన పొయ్యి. భర్త పోయాక ఆమెకు మిగిలింది ఆ పొయ్యీ, ఆ ఇంటి పేరూ, అంతే.

బండ్లవాళ్ళు, సంతకొచ్చినవాళ్ళు, పిల్లాపాపలతో ప్రయాణం పోయే సంసారులు, అందరూ అక్కడే దిగేవారు. వరసగా కూర్చుంటే ముద్దపప్పు, వంకాయకూర, గుమ్మడికాయ పులుసు, గోంగూర పచ్చడి, చివర గడ్డపెరుగు. తిన్నవాడు విస్తట్లో మెతుకు మిగిల్చేవాడు కాదు.

ఆ ఇంటికి ఒక కట్టుబాటు ఉంది. వండే మనిషి వడ్డించేలోగా వంట రుచి చూడకూడదు. చూస్తే ఎంగిలి. ఎంగిలి కూడు అతిథికి పెట్టకూడదు. అందుకని హనుమాయమ్మ ముక్కుతోనే వండేది. పులుసు ఉడుకుతున్న వాసన పట్టి, ఉప్పు చాలిందో లేదో చెప్పేసేది.

ఊరికీ ఒక కట్టుబాటు ఉంది. పెట్టిన అన్నానికి వంక పెట్టకూడదు. పెట్టినామె ఎదుట అసలే పెట్టకూడదు.

రెండూ మంచి కట్టుబాట్లే. ఆ రెండూ కలిసి ఒక ఆడమనిషి కొంప ఎలా ముంచాయో చెబుతాను, వినండి.

ఒక వానాకాలం హనుమాయమ్మకు విషజ్వరం వచ్చింది. ఊరి వైద్యుడు మృత్యుంజయం కషాయాలు పోసి బతికించాడు. కానీ ఆ జ్వరం పోతూ పోతూ ఆమె ముక్కు నుంచి వాసననూ, నాలుక నుంచి రుచినీ పట్టుకుపోయింది. ఇంగువ ముక్క ముక్కు దగ్గర పెట్టుకున్నా ఏమీ తెలియలేదు. అందరూ తిని లేచాక తన ముద్ద నోట్లో పెట్టుకుంటే మన్ను తిన్నట్టుంది.

"వంటామెకు రుచి పోయిందంటే ఇంక ఈ గడప ఎవరు తొక్కుతారు?" అనుకుని ఆమె ఆ సంగతి కడుపులోనే దాచుకుంది. చేతి అంచనాతో వండుతూ, తిన్నవాళ్ళను అడిగి సరిచేసుకుందామనుకుంది.

రోజూ ఆ ఇంట భోజనం చేసే పెద్దమనుషులు ముగ్గురు. బెల్లం వర్తకుడు పేరయ్య, బడిపంతులు శోభనాద్రి, ఇందాక చెప్పిన వైద్యుడు మృత్యుంజయం. ఆ రోజు పప్పులో ఉప్పు లేదు. కూర అడుగంటింది. పులుసులో కారం గొంతు పట్టుకుంది.

హనుమాయమ్మ చేతులు నలుపుకుంటూ నిలబడి, "ఎలా ఉందో నిజం చెప్పండి నాయనా" అని అడిగింది.

"అమృతమే అక్కయ్యా!" అన్నాడు పేరయ్య, చెంబెడు నీళ్ళు గటగటా తాగి.

"నీ చేతి వంటకు వంకేమిటమ్మా!" అన్నాడు శోభనాద్రి.

"జ్వరం నుంచి లేచాక నీ చెయ్యి ఇంకా తిరిగింది తల్లీ" అన్నాడు మృత్యుంజయం.

ఆమె ప్రాణం కుదుటపడింది. ముగ్గురూ చేతులు కడుక్కుని, మర్యాదగా నమస్కారం పెట్టి, వీధి మలుపు తిరిగారు.

"అబ్బబ్బ, నోట పెట్టేటట్టు లేదు" అన్నాడు పేరయ్య.

"ఆమె మొహాన చెప్పి పాపం కట్టుకోవడమెందుకు?" అన్నాడు పంతులు.

"మెల్లగా తనే తెలుసుకుంటుందిలే" అన్నాడు వైద్యుడు.

చూశారా వాళ్ళ జాలి! ఆమె తప్ప ఊరంతా తెలుసుకుంది. ఎందుకంటే ఆ ముగ్గురూ సంతలో కొత్తవాళ్ళు కనబడితే చాలు, "అటు వెళ్ళకండి బాబూ" అని చెవిలో చెప్పేవారు. చెవిలో చెబితే వంక పెట్టినట్టు కాదని వాళ్ళ లెక్క.

ఇంటి వెనక, విస్తళ్ళు పారేసేచోట, బూడిదరంగు కుక్క ఒకటి ఉండేది. ఇదివరకు దానికి విస్తళ్ళలో ఏమీ దొరికేది కాదు. హనుమాయమ్మ తన కంచంలోంచి పెట్టే ఒక్క ముద్దతోనే బతికేది. ఇప్పుడు విస్తళ్ళు నిండుగా వచ్చి పడుతున్నాయి. కుక్క కడుపారా తింది. తిని, ఆలోచించి, పెరటి గుమ్మం దగ్గరకు వచ్చి మాట్లాడింది. కుక్క మాట్లాడటమేమిటని అడక్కండి. మనుషులు చెప్పాల్సింది చెప్పకపోతే ఎవరో ఒకరు చెప్పాలి కదా.

"అమ్మా! పప్పు వడ్డించింది వడ్డించినట్టే ఉంది. కూర ఎవరూ ముట్టలేదు. నీ వంటకు ఏదో అయింది. చూసుకో" అంది.

"పెద్దమనుషులు అమృతమన్నారు. ఎంగిలాకులు నాకేదానివి, నువ్వా నాకు చెప్పేది?" అని హనుమాయమ్మ చెంబెడు నీళ్ళు దాని మీద విసిరికొట్టింది.

మూడు నెలలు గడిచాయి. బండ్లు ఆగడం మానేశాయి. రెండు వరసలు కూర్చునేచోట నలుగురు కూర్చుంటున్నారు. ముగ్గురు పెద్దమనుషులు కూడా మొహమాటానికి ఏ నాలుగు రోజులకో వచ్చి, నాలుగు మెతుకులు కెలికి పోతున్నారు.

"జనం ఎందుకు రావడం లేదయ్యా?" అని అడిగింది హనుమాయమ్మ.

"వానలు కదా అక్కయ్యా" అన్నాడు పేరయ్య.

"మూఢం కదమ్మా, ప్రయాణాలుండవు" అన్నాడు శోభనాద్రి.

"ఊళ్ళో అజీర్తి ఎక్కువగా ఉంది తల్లీ" అన్నాడు మృత్యుంజయం.

ఆ సాయంత్రం కుక్క మళ్ళీ వచ్చింది. "అమ్మా, నన్ను చూడు, నిన్ను చూసుకో. నువ్వు చిక్కిపోతున్నావు, నేను బలుస్తున్నాను. పూటకూళ్ళింట్లో ఇలా జరగొచ్చునా?" అంది.

ఆమెకు కోపం వచ్చింది నిజం తెలియక కాదు, తెలుస్తున్నందుకే. రాయి తీసి కొట్టింది.

మరో మూడు నెలలకు ఆ దేశపు రాజుగారి నుంచి కబురొచ్చింది. ఆయన చిన్నతనంలో ఆ ఇంట భోంచేశాడట. ఇప్పుడు ఆ దారిన వెళ్తూ మర్నాడు మధ్యాహ్నం అక్కడే తింటానన్నాడు. రాజుగారు మెచ్చుకుంటే ఆ ఇల్లు మళ్ళీ నిలబడుతుంది. లేదంటే అదే ఆఖరు. ఆ సంగతి హనుమాయమ్మకు తెలుసు.

ఆమె ముగ్గురినీ పిలిచి, "నాకు భయంగా ఉంది. నా వంటలో లోపముంటే ఇప్పుడైనా చెప్పండి. ఇంకెవరి చేతనైనా వండిస్తాను. మీ కాళ్ళకు దణ్ణం పెడతాను" అంది.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇన్నాళ్ళూ మెచ్చుకుని ఇప్పుడు కాదంటే, తాము అబద్ధాలకోరులమని తేలిపోతుంది.

"నువ్వు కాక ఇంకెవరు వండుతారు అక్కయ్యా! రాజుగారి అదృష్టం" అన్నాడు పేరయ్య. మిగతా ఇద్దరూ తలలూపారు.

మర్నాడు పొద్దున్న ఆమె పొయ్యి రాజేస్తుంటే కుక్క గుమ్మానికి అడ్డంగా పడుకుంది. "వండకమ్మా. నీ ఇల్లు బాగుంటే నాకు దొరికేది ఒక్క ముద్దే. నా కడుపు మాడినా సరే, చెబుతున్నాను. వండకు" అంది.

హనుమాయమ్మ పొయ్యిలోంచి మండుతున్న కట్టె లాగి కొట్టింది. కుక్క ముందుకాలు విరిగింది. కుంటుకుంటూ వెళ్ళి విస్తళ్ళ మధ్య పడిపోయింది.

మధ్యాహ్నం రాజుగారు వచ్చి కూర్చున్నాడు. పక్కనే ముగ్గురు పెద్దమనుషులు కూర్చున్నారు. రాజుగారు ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి దించేశాడు.

"మీరు రోజూ ఇక్కడే తింటారట. ఇవాళే ఇలా ఉందా?" అని ముగ్గురినీ అడిగాడు.

"ఆరు నెలలుగా ఇంతే ప్రభూ! ఉప్పుంటే కారముండదు, కారముంటే ఉప్పుండదు" అన్నాడు పేరయ్య.

"మేమే ఎలాగో ఓర్చుకుంటున్నాం ప్రభూ" అన్నాడు శోభనాద్రి.

"జ్వరంలో రుచి పోయి ఉంటుంది. నాకు మొదటి రోజే అనుమానం వచ్చింది" అన్నాడు మృత్యుంజయం.

హనుమాయమ్మ ముగ్గురి ఎదుటికి వచ్చి నిలబడింది. "ఆరు నెలలా! అడుగుతూనే ఉన్నాను కదయ్యా! మెప్పు కోసం అడిగాననుకున్నారా? నాకు తెలియకే అడిగాను" అంది.

రాజుగారికి ఒళ్ళు మండింది. "వండినదంతా ఈ ముగ్గురి చేతా మెతుకు మిగలకుండా తినిపించండి" అన్నాడు.

హనుమాయమ్మ చేతులు జోడించింది. "వద్దు ప్రభూ. ఈ ఇంట అన్నం ఎవరికీ శిక్షగా వడ్డించలేదు."

రాజుగారు ఆ మాట మన్నించాడు. తర్వాత, "ఇంత ఊళ్ళో నీకు నిజం చెప్పినవారు ఒక్కరూ లేరా?" అని అడిగాడు.

"ఒకరు చెప్పారు ప్రభూ. తన కడుపు మాడినా సరేనని మూడుసార్లు చెప్పారు."

"ఎవరు? పిలువు, సత్కరిస్తాం."

"పెరట్లో ఉంది ప్రభూ. పిలిచినా రాలేదు. పొద్దున్నే కాలు విరగ్గొట్టాను."

రాజుగారు ఆకలితోనే లేచి వెళ్ళిపోయాడు. ఆ పూటే హనుమాయమ్మ పొయ్యి మీద నీళ్ళు పోసింది. ఆ తర్వాత ఆ ఇంట పొయ్యి వెలగలేదు. ఆమె ఊళ్ళో వాళ్ళ వడ్లు దంచి, వచ్చిన నూకలతో గంజి కాచుకునేది. ఆ గంజిలో సగం కుక్కకు పోసేది. అది తాగేది కానీ, ఆమె ఎంత బతిమాలినా మళ్ళీ ఒక్క మాట మాట్లాడలేదు. ముగ్గురు పెద్దమనుషులకు మాత్రం ఏమీ కాలేదు. వాళ్ళు ఇంకో వీధిలో భోజనం కుదుర్చుకున్నారు.

కాబట్టి పిల్లలూ, ఎదుట మెచ్చుకుని చాటున విడిచిపెట్టే మర్యాద పగకన్నా చెడ్డది. నొప్పించినా నిజం చెప్పే నోటిని కొట్టినవారికి, ఆ తర్వాత నిజం చెప్పేవారు మిగలరు.