కళ్ళు తెరవని పిల్లల వెల

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో పక్కపక్కనే పారే రెండు వాగులు. వాగులకు ఈవల ఒక గొర్రెల మంద, ఆవల ఇంకో మంద. మందకో కావలి కుక్క. గొర్రెలు రోజూ కుక్కకు ఆకు దొప్పలో పాలు పోసేవి. కుక్క చిరుతపులిని దగ్గరకు రానిచ్చేది కాదు.

ఈవలి మందకు కావలి జెట్టి. జెట్టిది నిలువు చెవుల జాతి. రెండు వాగుల అవతల చిరుత ఎండుటాకు తొక్కినా ఆ చెవులకు వినబడేది. జెట్టి తాత కాలం నుంచి ఆ మందలో ఒక్క గొర్రెపిల్ల కూడా పోలేదు. అయితే ఆ జాతిలో అచ్చమైనవాడు ఇక జెట్టి ఒక్కడే మిగిలాడు.

అందుకే దూరపు మందల ఆడకుక్కలు వచ్చి జెట్టితో జత కట్టేవి. తమ పిల్లలకు ఆ చెవులు రావాలని వాటి ఆశ. అందుకు తండ్రి కుక్కకు ఇచ్చేదాన్ని బత్తెం అనేవారు. బత్తెం ఎంతో ముందుగా చెప్పకూడదు. పిల్లలు కళ్ళు తెరిచిన రోజున తండ్రి స్వయంగా వెళ్ళాలి. ఎన్ని బతికాయో, తల్లి ఎలా ఉందో చూసి అప్పుడు అడగాలి. పిల్లలు ఎక్కువగా ఉంటే, పాలు మరిచాక ఒక పిల్ల. తక్కువగా ఉంటే ఒక దొప్ప పాలు. ఏమీ మిగలకపోతే తల్లి పక్కన కాసేపు కూర్చుని రావాలి. ఇది జెట్టికి వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి.

జెట్టి ఉండే చెట్టు మీద గింజడు అనే ఉడుత ఉండేవాడు. గింజడికి లెక్కలంటే ప్రాణం. ఒకరోజు చెట్టు దిగి వచ్చి జెట్టి ముందు గింజలు పేర్చాడు.

"జెట్టి మామా, నువ్వు నష్టపోతున్నావు" అన్నాడు.

"ఎట్లా?"

"కిందటి మూడు కాన్పులు చూడు. ఏడు, ఆరు, అయిదు. మొత్తం పద్దెనిమిది పిల్లలు. అంటే కాన్పుకు ఆరు. అందులో మూడో వంతు అడిగితే ఎవరైనా తప్పంటారా?"

"అనరేమో."

"అంటే రెండు పిల్లలు. నీకు వచ్చింది కాన్పుకు ఒక్కటే. కుక్క లేని మందలు ఎన్నో ఉన్నాయి. పిల్లను పంపితే నెల రోజులు పాలు పంపుతారు. అదీకాక, జత కోసం వచ్చినవాళ్ళ దగ్గర నువ్వు ముందే ఏమీ తీసుకోవు. రేపు వాళ్ళు మాట తప్పితే? రోజుకో దొప్ప చొప్పున నలభై రోజుల పాలు ముందు రావాలి. రెండు పిల్లలు తరువాత. ఇంత కచ్చితంగా ఉంటే గొడవే ఉండదు."

జెట్టి గింజల వైపు చూశాడు. లెక్క ఎక్కడా తప్పలేదు. "సరే, అలాగే కానీ" అన్నాడు.

ఆ వారమే ఆవలి మంద కావలి కుక్క వచ్చింది. దాని పేరు తుమ్మెద. నల్లగా, సన్నగా ఉంటుంది. దాని మందలో ఉన్నవి పదకొండు గొర్రెలే. పోయిన చలికాలం చిరుత నాలుగు పిల్లల్ని ఎత్తుకుపోయింది. తుమ్మెదకు వినబడేసరికి చిరుత మందలోనే ఉంది.

"నాకు ఒక్క పిల్ల చాలు జెట్టీ" అంది తుమ్మెద. "నీ చెవులున్న పిల్ల ఒక్కటి మా మందలో ఉంటే చాలు."

గింజడు కొమ్మ మీద నుంచి బత్తెం చెప్పాడు. తుమ్మెద కొమ్మ వైపు తల ఎత్తింది.

"కళ్ళు తెరిచాక చూసి అడగడం కదా పద్ధతి?"

"అది పాత మాట అక్కా. ఆరు పుడితే నీకు నాలుగు మిగులుతాయి. ఇంతకంటే లాభం ఏముంది?" అన్నాడు గింజడు.

తుమ్మెద జెట్టి వైపు చూసింది. జెట్టి నేల వైపు చూశాడు. తుమ్మెద ఒప్పుకుంది.

ఆ మందలో పాలిచ్చే గొర్రెలు రెండే. తుమ్మెదకు రోజుకు వచ్చేది ఒక్క దొప్ప. ఆ దొప్పనే నోట పట్టుకుని, రెండు వాగులు దాటి, జెట్టి ముందు పెట్టి వెళ్ళేది. తను వాగులో పీతలు వెతుక్కుని తినేది. కడుపుతో ఉండి కూడా నలభై రోజులు అట్లాగే గడిపింది.

"ఇట్లా అయితే నీ కడుపులో పిల్లలకు ఏం మిగులుతుందే?" అంది మందలో పెద్ద గొర్రె ఉన్నమ్మ.

"మాట ఇచ్చాను అవ్వా" అంది తుమ్మెద.

ఆరు పిల్లలు పుట్టలేదు. రెండే పుట్టాయి. అవీ ఎలుక పిల్లలంత ఉన్నాయి.

అవి కళ్ళు తెరిచిన రోజున జెట్టి వెళ్ళలేదు. గింజడు వెళ్ళి పిల్లల్ని చూశాడు. వాడి మొహం కాస్త మారింది. అయినా అన్నాడు, "అక్కా, ఒప్పుకున్నది రెండు. ఉన్నవీ రెండే. ఆలస్యం చేస్తే నీకే ఇవ్వబుద్ధి కాదు."

"ఇంకా పాలు తాగుతున్నాయి రా. నెల రోజులు ఆగు. పోనీ ఒక్కదాన్ని నా దగ్గర ఉంచు."

"మాట మాటే కదా అక్కా."

తుమ్మెద ఒక పిల్లను నాకింది, రెండో పిల్లను నాకింది. తనే ఒకదాని తరువాత ఒకదాన్ని మోసుకుంటూ రెండు వాగులు దాటించి, జెట్టి ముందు పెట్టి వెళ్ళిపోయింది.

జెట్టి వాటి ముందు దొప్ప పెట్టాడు. ఆ పిల్లలకు నాకి తాగడం ఇంకా రాదు.

మొదటి రోజు రెండు వాగుల అవతల నుంచి ఏడుపు వినబడింది. జెట్టి చెవులు నిలబడ్డాయి. "గాలి" అన్నాడు గింజడు. రెండో రోజు మళ్ళీ వినబడింది. "సర్దుకుంటుందిలే మామా" అన్నాడు గింజడు. మూడో రోజు చిన్న పిల్ల చనిపోయింది. గింజడు చెట్టెక్కి తొర్రలో దూరాడు.

జెట్టి మిగిలిన పిల్లను నోట కరుచుకుని పరుగెత్తాడు. తుమ్మెద పిల్లను పొట్ట దగ్గరికి లాక్కుంది. కానీ దాని పాలు ఎండిపోయాయి. పొద్దు వాలేసరికి ఆ పిల్ల కూడా కదలడం మానేసింది.

"జెట్టీ, చిరుత అడుగు నీకు రెండు వాగుల అవతల నుంచి వినబడుతుంది కదా" అంది తుమ్మెద.

"వినబడుతుంది."

"మూడు రోజులు ఏడ్చాను. నీకు వినబడలేదా?"

జెట్టి తల దించుకున్నాడు.

"వినబడింది" అన్నాడు.

ఆ చలికాలం ఒక తెల్లవారుజామున, ఆవలి మంద దగ్గర ఎండుటాకు చప్పుడు జెట్టికి వినబడింది. మొరుగుతూ పరుగెత్తాడు. రెండు వాగులు దాటేసరికి ఉన్నమ్మ లేదు. మంచులో ఉన్ని పోగులు మాత్రం ఉన్నాయి. వినడానికి జెట్టి చెవులు చాలాయి. కానీ చిరుత వచ్చే వేళకు అక్కడే ఉండడానికి ఆ చెవులున్న పిల్ల ఒకటి కావలసింది.

తరువాత గింజడు ఎన్నోసార్లు దండోరా వేశాడు, "బత్తెం ఏమీ వద్దు, రండి" అని. కానీ తుమ్మెద పిల్లల సంగతి అన్ని మందలకూ తెలిసిపోయింది, ఎవరూ రాలేదు. జెట్టి ముసలివాడయ్యాడు, పోయాడు. నిలువు చెవుల జాతి ఆ అడవిలో మళ్ళీ పుట్టలేదు.

పిల్లలూ, గింజడు మంచి లెక్కలవాడే. ఇప్పటికీ ఆ చెట్టు కింద గింజలు పేరుస్తాడు. ఏడు, ఆరు, అయిదు అని పేరుస్తాడు. ఆ తరువాత రెండు గింజలు చేతిలోకి తీసుకుంటాడు. వాటిని ఎక్కడ పెట్టాలో వాడికి తెలియదు.

నీతి: ఎంత అడగాలో నిర్ణయించే ముందు, ఇచ్చేవాళ్ళ దగ్గర ఏం మిగులుతుందో వెళ్ళి కళ్ళారా చూడాలి.