చేదెక్కిన సొరకాయ

ఎండలు మండిపోతున్న రోజులు. ఏటిగట్టు కింది పశువుల పాకలో సింగారి అనే ఆవుకు కంటి మీద కునుకు లేదు. దాని దూడకు ఒళ్లు కాలిపోతోంది, లేవలేకపోతోంది. పక్కనే పడుకున్న ముసలి ఎద్దు మైలడు నిట్టూర్చడం తప్ప ఏమీ చేయలేకపోతున్నాడు.

అప్పుడొచ్చింది నక్క, లేని వినయమంతా ఒలకబోస్తూ. నోట కరుచుకొచ్చిన సొరకాయను సింగారి ముందు పెట్టింది.

"అక్కా, బిడ్డ సంగతి విని మనసాగలేదు. ఒంట్లో వేడి లాగెయ్యడానికి సొరకాయను మించింది లేదు. మా తాతలనాటి వైద్యం. నమిలి ఆ రసం పట్టించు. పొద్దుగూకేసరికి చల్లబడిపోతుంది."

సొర చలవ చేస్తుందని సింగారికీ తెలుసు. ఎండదెబ్బ తగిలినవాళ్లకు రైతు ఇల్లాలు సొరకాయే వండిపెట్టేది. ఆశగా కొరికింది. నాలుకకు తగలగానే ఒళ్లు జలదరించింది.

"ఇంత చేదేమిటి తమ్ముడూ?"

"మందు చేదుగా ఉండక పాయసంలా ఉంటుందా? కాకర చేదు కాదా, వేప చేదు కాదా? ఆలస్యం అమృతం విషం అన్నారు. తర్వాత ఏడ్చి లాభం లేదక్కా!"

ఆ మాటకు తల్లి గుండె జారిపోయింది. దూడ మీదికి వంగింది. అమ్మ ఏది పెట్టినా సరేనన్నట్టు అది నోరు తెరిచింది. ఆ నమ్మకం చూసి సింగారి ఆగిపోయింది. తన నాలుక వద్దన్నది బిడ్డ నోట్లో ఎలా పొయ్యడం?

"నువ్వెళ్లు తమ్ముడూ, మెల్లగా పట్టిస్తాను," అంది.

నక్క అటు పోగానే నోట్లోది ఉమ్మేసింది. "మామా, సొర ఇంత చేదుంటుందా?"

మైలడు వాసన చూసి కాయను కొమ్ముతో దూరంగా నెట్టాడు. "కాకరకు చేదు గుణమమ్మా. సొర చేదెక్కితే విషం. నా జోడెద్దు గట్టు మీద ఇలాంటి కాయే తిన్నాడు. సాయంత్రానికి నా కళ్లముందే ఒరిగిపోయాడు."

తర్వాత మైలడు పాక పక్కనున్న సొరపందిరి మీది లేత కాయను కొమ్ముతో తెంపుకొచ్చాడు. సింగారి ముందుగా తనే కొరికి చూసింది. తియ్యగా, నీళ్లూరుతూ ఉంది. నమిలి ఆ రసం దూడకు పట్టించి, "కదలకుండా పడుకో తల్లీ," అంది.

పొద్దు వాలింది. నక్క పాకలోకి తొంగిచూసింది. దూడ మెదలడం లేదు. సింగారి తల వేలాడేసుకుని ఉంది.

"అయ్యో అక్కా! చల్లబడిపోయిందా?"

"చల్లబడింది తమ్ముడూ. వచ్చి చూసుకో."

నక్క చూడ్డానికి రాలేదు, తినడానికే వచ్చింది. కోరలు బయటపెట్టి దూడ గొంతు మీదికి వంగిందో లేదో, ముందు నుంచి సింగారి, వెనక నుంచి మైలడు కొమ్ములు దించారు. విరిగిన కాలు ఈడ్చుకుంటూ ఏటికి అడ్డంపడి పోయిన నక్క మళ్లీ ఆ గట్టు మీద కనబడలేదు.

ఆ అలికిడికి దూడ లేచింది. తడబడుతూ వచ్చి తల్లి పొదుగు అందుకుంది.

నీతి: నాలుక చేదని చెబుతుంటే, తియ్యని మాటకు చెవి ఒగ్గకూడదు.