వెంట్రుకలు కోసిన కత్తి

పెంచలాచారిగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు వాళ్ళ చేతులకేసి చూసేవారు. చేతులు ఖాళీగా ఉంటే ఏదో ఒక పని అప్పగించేవారు. అప్పటికే పనిలో ఉంటే, "అది కానియ్" అనేవారు. జవాబు చెప్పారో లేదో శిష్యులకు ఒక పట్టాన తేలేది కాదు. కొందరు విసిగి వెళ్ళిపోయారు. ఉండిపోయినవాళ్ళకు మాత్రం అలవాటైపోయింది.

వెలిగొండల పాదాన, అడవి మొదలయ్యేచోట ఉండేది ఆయన వైద్యశాల. ఆయన పుట్టింది కమ్మరి ఇంట. వైద్యం నేర్చుకున్నది కొండల్లో తిరిగి. ఆయన దగ్గర నాలుగేళ్ళుగా ఉంటున్నవాడు కేశవులు. ముప్ఫై దాటిన మనిషి. అంతకుముందు నెల్లూరులో ఒక ప్లీడరు దగ్గర గుమస్తాగా పనిచేశాడు. అక్కడి అబద్ధాలు సరిపడక ఉద్యోగం వదిలేసి వచ్చాడు. చచ్చినా అతని నోట అబద్ధం రాదని చుట్టుపక్కల ఊళ్ళలో పేరు. ఆ పేరంటే అతనికి కూడా ఇష్టమే.

కార్తీకమాసంలో ఒకసారి ఆచారిగారు పొరుగూరు వెళ్ళి మూడు రోజులు రాలేదు. అప్పుడు పోలయ్య వచ్చాడు. పోలయ్య మేకలు కాసుకునేవాడు. కడుపు ఉబ్బి, కళ్ళు పచ్చబడి, రెండు నెలలుగా అక్కడే మందు వాడుతున్నాడు. వచ్చినవాడు మందు పొట్లం తీసుకుని కూడా కదలకుండా గడప దగ్గరే నిలబడ్డాడు.

"నిజం చెప్పు సామీ. నాకిది తగ్గుద్దా?" అని అడిగాడు.

కేశవులు కల్వంలో మందు నూరుతున్నాడు. తల ఎత్తకుండానే చెప్పాడు. "తగ్గదు. ఇరవై ఏళ్ళు తాగావు. వద్దన్నవాళ్ళ మాట విన్నావా? లోపల కాలేయం అంతా పాడైంది. వచ్చే వేసవి చూడటం కష్టం. నీ చేతులారా చేసుకున్నదే, ఎవరినీ అనేపని లేదు."

పోలయ్య పొట్లాన్ని అరుగు మీద పెట్టి, కర్ర అందుకుని వెళ్ళిపోయాడు.

ఆచారిగారు తిరిగొచ్చిన రోజున పోలయ్య భార్య రవణమ్మ వచ్చింది. అతను ఇంట్లోకి రావడం లేదనీ, మేకల దొడ్లోనే కూర్చుని ఉంటున్నాడనీ, మందు మాట అటుంచి గంజి కూడా ముట్టడం లేదనీ చెప్పింది. "ఇక్కడ ఏమన్నారో నాకు తెలీదు. అడిగితే చెప్పడు" అంది. ఆమె ముందు కేశవులు నోరు విప్పలేదు. ఆమె వెళ్ళాక, తానన్న మాటలన్నీ పొల్లు పోకుండా గురువుగారికి అప్పజెప్పాడు. దాచుకోవడం అతని వల్ల కాదు. ఆచారిగారు అంతా విన్నారు. కోప్పడలేదు, మెచ్చుకోనూ లేదు. స్నానానికి వెళ్ళిపోయారు.

తిడితే కేశవులు వాదించి ఉండేవాడు. ఆ మౌనంతో ఎలా వాదించాలో అతనికి తెలియలేదు. రెండు రోజులు ఆగాడు. మూడో రోజు పొద్దున్నే గురువుగారి ఎదుట నిలబడి అడిగేశాడు.

"గురువుగారూ, ఉన్న మాట చెబితే ఎదుటివాడికి గాయమైంది. తప్పు నిజానిదా, చెప్పినవాడిదా?"

ఆచారిగారు అతని చేతులకేసి చూశారు. "తిప్పతీగ నిండుకుంది. కొండకి పోవాల. నీకొక సొంత కత్తి ఉండాల గదా అబ్బయ్యా. పద, ఇయాళ సంత" అన్నారు.

సంతలో ఒక కమ్మరి గోనెపట్టా పరిచి కత్తులు పేర్చి పెట్టాడు. కేశవులు కళ్ళు ముందుగా ఒక మడతకత్తి మీద పడ్డాయి. జేబులో ఇమిడేది, చూడముచ్చటగా ఉంది. ఆచారిగారు దాన్ని తీసుకుని ఒకసారి విప్పి, మళ్ళీ మూశారు. "పండు కోసుకోడానికి బాగుంటది. అడవిలో గట్టిగా పొడిచిన రోజున తిరిగొచ్చి నీ వేళ్ళ మీదే మూసుకుంటది" అని పక్కన పెట్టారు. తరవాత కేశవులు తళతళా మెరుస్తున్న సన్నటి కత్తి ఒకటి తీశాడు. దాని కొమ్ము పిడి మీద చిలుక చెక్కి ఉంది. ఆచారిగారు చిలుకను చూడలేదు. కత్తి ఇనుము పిడిలోకి ఎంతదాకా పోయిందని కమ్మరిని అడిగారు. బొటనవేలంత పోయిందని అతను నిజమే చెప్పాడు. అంతే అయితే పిడి ఊడిపోతుందని ఆయన దాన్నీ పక్కన పెట్టారు.

ఆఖరికి ఆయన ఎంచింది నల్లగా, మొరటుగా ఉన్న ఒక కత్తిని. జానెడు పొడవు. వెన్ను మందం. ఇనుము పిడి చివరిదాకా పోయి, మూడు మేకులతో బిగించి ఉంది. "కళ్ళు మూసుకుని పట్టుకో" అన్నారు. కేశవులు పట్టుకున్నాడు. వాదర, అంటే కోసే అంచు, ఎటువైపుందో చూడకుండానే చేతికి తెలిసింది. "ఇదే తీసుకో" అన్నారు ఆయన. కొత్త కత్తి కాబట్టి దానికి పదును లేదు. పదును పెట్టుకోవలసింది వాడుకునేవాడే.

ఇంటికొచ్చి కేశవులు సానరాయి తడిపి కూర్చున్నాడు. రాతి మీద కత్తిని ఎలా వాల్చాలో ఆచారిగారు ఒక్కసారి చూపించారు. వెన్ను కింద చిటికెనవేలు దూరేంత సందు ఉండాలి. మరీ పడుకోబెడితే వాదర పలచనై, గట్టి కట్టె తగలగానే మొక్కపోతుంది. మరీ నిలబెడితే అసలు తెగదు. కేశవులు పట్టుదల గలవాడు. ఒళ్ళంతా బిగించి, రాయి కీచుమనేలా నూరాడు.

"ఇంకొంచెం మెల్లగా" అన్నారు ఆచారిగారు లోపలినుంచి.

కేశవులు ఊ కొట్టాడే గానీ చెయ్యి తగ్గించలేదు. పొద్దు తిరిగేసరికి ముంజేతి మీద కత్తి ఆనించి లాగి చూశాడు. వెంట్రుకలు గీసినట్టు రాలిపోయాయి. నాలుగేళ్ళలో తన చేతుల మీదుగా అంత చక్కగా కుదిరిన పని మరొకటి లేదనిపించింది. లేచి వెళ్ళి నున్నగా అయిన ముంజేతిని గురువుగారికి చూపించాడు.

"చాలంటావా?" అన్నారు ఆయన.

"ఇంతకంటే ఏం కావాలి?"

"నీకు చాలనుకుంటే చాలు."

మర్నాడు పొద్దున ఇద్దరూ కొండెక్కారు. ఒక వేపచెట్టును చుట్టుకుని మణికట్టంత లావున తిప్పతీగ వేలాడుతోంది. ఆచారిగారు తీగను రెండు చేతులా పట్టుకుని బిగలాగారు. కేశవులు కత్తి వేశాడు. మొదటి కోత బాగానే దిగింది. రెండో కోతకి తీగ పీచు తెగకుండా నలిగింది. మూడోసారి అతను బలమంతా పెట్టాడు. కత్తి తీగ మీద జారి, ఆచారిగారి ఎడమ బొటనవేలి మొదట్లో దిగింది.

కేశవులు కత్తి పారేసి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. రక్తం ధారగా కారి ఇద్దరి పంచెల మీదా పడింది. ఆచారిగారు పక్కనున్న గడ్డిచేమంతి ఆకు తెంపి, నలిపి గాయం మీద వేయమన్నారు. అతను తన తుండు చింపి కట్టు కట్టాడు. రక్తం ఆగేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.

"ఆ కత్తి తీసుకురా" అన్నారు ఆయన కాసేపటికి.

"నాకొద్దు గురువుగారూ. ఇకమీదట మొండి కత్తే వాడతాను. ఎవరికీ తెగదు."

"మొండి కత్తికే ఎక్కువ తెగుతుంది. అది పని చెయ్యదు గనక బలం పెట్టాల్సి వస్తుంది. బలం పెట్టినచోటే జారుతుంది. తీసుకురా."

తెచ్చాడు. వెన్ను వైపునుంచి వాదర దాకా, ఒక పక్కన, వేలి కొనతో మెల్లగా తుడిచి చూడమన్నారు. కేశవులు తుడిచాడు. ఏమీ తగల్లేదు. రెండో పక్కన తుడిచాడు. అంచు చివర, వేలికి తప్ప కంటికి ఆననిది ఏదో గరుగ్గా తగిలింది. వాదర పొడుగునా ఉంది.

"అది ఇనుపపొర. నువ్వు సాన మీద అదిమిన కొద్దీ ఇనుము అవతలి పక్కకి తోసుకొచ్చి సన్నగా నిలబడింది. దానంత పదునైంది ఇంకోటి లేదనిపిస్తుంది. వెంట్రుకలు కోస్తుంది. చెట్టు దగ్గర గట్టి తీగ తగలగానే పక్కకి ఒరిగి పడుకుంటుంది. అది పడుకుంటే అసలు వాదర తీగని ముట్టుకోనే ముట్టుకోదు."

"మీకు ముందే తెలుసు. చెప్పి ఉంటే ఈ గాయం..." అన్నాడు కేశవులు, కట్టు కట్టిన చేతికేసి చూస్తూ.

"మెల్లగా అని చెప్పాను గదా. చాలంటావా అనీ అడిగాను. అప్పుడు నువ్వు చేతిమీద వెంట్రుకలు చూసుకుంటన్నావు."

పక్కనే వాగు. ఆచారిగారు ఒక నున్నటి రాయిని చూపించారు. కేశవులు దాన్ని తడిపి మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి అదిమినప్పుడల్లా ఆయన "ఊహూఁ" అన్నారు. "కత్తి బరువు చాలు. నీ బరువు వద్దు." ఒక పక్క ఒకసారి, రెండో పక్క ఒకసారి. ప్రతిసారీ ముందటికంటే తేలికగా. చివరికి రాతి మీద కత్తి కదులుతున్న చప్పుడు కూడా వినపడనంత తేలికగా. అలా నూరడం బలంగా నూరడం కంటే కష్టమని కేశవులుకి తెలిసింది. మధ్య మధ్య చెయ్యి తనంతట తానే బిగుసుకునేది. దాన్ని వదులు చేసుకోవాల్సి వచ్చేది. ఎండ నడినెత్తికొచ్చింది. వేలితో తుడిచి చూస్తే రెండు పక్కలా ఒకేలా, చల్లగా, నున్నగా తగిలింది. ఈసారి ముంజేతి మీద గీసి చూసుకోవాలనిపించలేదు.

తీగను ఈసారి కేశవులు తన ఎడమచేత్తోనే పట్టుకుని కోశాడు. కత్తి చప్పుడు లేకుండా దిగింది. మోపు కట్టుకుని దిగి వస్తుంటే దారిలో ఆచారిగారు వానల గురించీ, చీమల పుట్టల గురించీ మాట్లాడారు. అతని ప్రశ్న ఊసెత్తలేదు.

వైద్యశాలలో మోపు దించి, కేశవులు అటునుంచి అటే పోలయ్య దొడ్డికి నడిచాడు.

పోలయ్య దడికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మొహం ఇంకా పీక్కుపోయింది. కేశవులు మేకల మధ్య, పెంటికల మీదే కూర్చున్నాడు. ఒక మేక వచ్చి కేశవులు భుజం నాకి పోయింది.

"నీ జబ్బు తగ్గదు పోలయ్యా. ఆ మాట మార్చడానికి నేను రాలేదు" అన్నాడు కేశవులు.

"మరెందుకొచ్చినావు సామీ?"

"మిగతా మాటలున్నాయి చూడు, నీ చేతులారా చేసుకున్నావనీ అదీ. అవి నువ్వు అడగలేదు. చెప్పాల్సిన పని నాకు లేదు. ఊరికే నా బరువు కూడా నీ మీద వేశాను."

పోలయ్య తల అడ్డంగా ఊపాడు. "తగ్గదని నాకు ముందే తెలుసు సామీ. మేకని చూసి బతుకుద్దో లేదో చెప్పేవోణ్ణి. నా ఒళ్ళు నాకు తెలీదా? తెలిసిందే అడిగినా."

"తెలిసి ఎందుకు అడిగావు?"

పోలయ్య ఇంటి వైపు చూశాడు. "రవణమ్మకి చెప్పాల గదా. ఎట్ట చెప్పాలో తెలవలా. మీరు చదువుకున్నోళ్ళు, మాట ఎట్టుంటదో వింటే, అదే ఆమెకి చెప్పొచ్చుగదా అనుకున్నా. నువ్వన్న మాట మోసుకుపోయి ఆమె ముందర ఎట్టా పెట్టేది?"

కేశవులు తలవంచుకున్నాడు. తాను చెప్పిన నిజం ఒక ఆడమనిషి దగ్గరికి వెళ్ళాల్సినదని, అది మోయలేక ఈ మనిషి వారం రోజులుగా దొడ్లో కూర్చున్నాడని అతనికి ఊహలోనైనా తట్టలేదు. పోలయ్య చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి ఎండుకట్టెలా ఉంది.

మధ్యాహ్నం దాటాక రవణమ్మ గంజి తెచ్చింది. వీళ్ళిద్దరినీ చూసి ఆగిపోయింది. కేశవులు ఆమెను కూర్చోమన్నాడు. జబ్బు ఎంతదాకా వచ్చిందో, మందు దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో మెల్లగా చెప్పాడు. ఉబ్బు తగ్గుతుందని, నొప్పి తగ్గుతుందని, మనిషి మాత్రం ఎక్కువ కాలం దక్కడని చెప్పాడు. ఒక్క మాట ఎక్కువ చెయ్యలేదు, తక్కువా చెయ్యలేదు. చెబుతున్నంతసేపూ పోలయ్య ఆమె మొహంలోకే చూస్తున్నాడు. రవణమ్మ అంతా వింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"సరే. ముందు గంజి తాగు" అంది మొగుడితో.

పోలయ్య ముంత అందుకుని తాగాడు.

ఆ తరవాత అతను ప్రతి సోమవారమూ మందుకి వచ్చేవాడు. ఉబ్బు కొంత తీసింది. మేకలన్నిటినీ బావమరిదికి అప్పగించి, ఏ మేక ఏ ఆకు తినదో ఒక్కొక్కదాని పేరు పెట్టి మరీ చెప్పాడట. మాఘం చివర, వేసవి ఇంకా రాకముందే, ఒక మధ్యాహ్నం రవణమ్మ పక్కన కూర్చుని ఉండగా పోయాడు.

దహనానికి వెళ్ళి వచ్చి, స్నానం చేసి, కేశవులు గురువుగారి దగ్గర కూర్చున్నాడు. ఆయన ఎండబెట్టిన మందుమొక్కల వేళ్ళను గంపలోకి ఎత్తుతున్నారు. అతను కూడా ఒక చెయ్యి వేశాడు. ఎత్తుతూనే అన్నాడు.

"నేను మొదటిసారి చెప్పిందీ తగ్గదనే. రెండోసారి చెప్పిందీ అదే. ఆ మనిషికి అవి రెండూ ఒకటి కాకుండా ఎట్లా పోయాయో నాకిప్పటికీ పూర్తిగా తెలియలేదు గురువుగారూ."

ఆచారిగారు చేతిలోని వేళ్ళను గంపలో వేశారు.

"రెండోసారి చెప్పాక ఆ దొడ్లో ఎంతసేపు కూర్చున్నావు అబ్బయ్యా?"

"పొద్దు వాలేదాకా ఉన్నాను."

"మరి మొదటిసారి?" అన్నారు ఆయన.