సూదంటురాయి చూపిన పడవ

పిల్లలూ, ఇది అనగనగా నాటి మాట. సముద్రమంటే పాటల్లో వినడమే కాని కళ్లారా చూడని కమ్మరి కుటుంబం ఒకటి కొండల నడుమ ఉండేది. తండ్రి పేరు కోటిలింగం, తల్లి పేరు సూరమ్మ. వాళ్లకు పదేళ్ల కూతురు, పేరు పైడమ్మ.

ఒక ఏడు నాగళ్ల పని ముగిశాక సూరమ్మ అంది, "ఏమయ్యా, కొలిమి ముందు కూర్చుని కూర్చుని కళ్లు మండిపోతున్నాయి. ఒక్కసారి ఆ సముద్రం చూసొద్దాం."

కోటిలింగం సరేనన్నాడు. కొలిమి ఆర్పి బండి కట్టాడు. చద్దిమూట పక్కన పైడమ్మ ఒక నల్లరాయి కూడా పెట్టుకుంది. అది సూదంటురాయి. కొలిమి బూడిదలో పడ్డ ఇనుపరజను ఏరడానికి వాడేది.

"సముద్రం దగ్గర దాంతో ఏం పనే?" అన్నాడు తండ్రి.

"అక్కడి ఇసకలో ఏముందో చూస్తానయ్యా."

మూడు రోజులు ప్రయాణం చేసి వాళ్లు గవ్వలపాలెం అనే, చేపలు పట్టే పల్లెకారుల ఊరు చేరారు. ఊరి చివర నూకాలు అనే ఆవిడ తన పూరింట్లో వాళ్లకు చోటిచ్చింది. ఆమె ఒంటరి మనిషి. పొద్దున లేస్తే ఊళ్లో ఆడవాళ్లంతా గుంపులుగా చేపలబుట్టలు ఎత్తుకుపోయేవారు. నూకాలు గుమ్మం వైపు మాత్రం ఎవరూ తలతిప్పి చూసేవారు కాదు.

మొదటి రోజు పైడమ్మ రాయికి తాడు కట్టి, ఒడ్డు వెంట ఇసకలో లాగుతూ నడిచింది. కాసేపటికి తీసి చూస్తే రాయికి నల్లటి ఇసక గడ్డంలా పట్టుకుని వేలాడుతోంది! తండ్రి దగ్గరకు పరుగెత్తింది.

కోటిలింగం ఆ ఇసకను అరచేతిలో రాల్చుకుని, వేలితో అటూ ఇటూ కదిపి చూశాడు. "ఓసి నీ తెలివి బంగారం గానూ! పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ ఇనుముతో బతుకుతున్నాను. ఇనుము ఇసకలో కూడా ఉంటుందని నాకు ఇవాళే తెలిసింది" అని మురిసిపోయాడు.

ఆ ఒడ్డునే డేరాలు వేసుకుని గురవశెట్టి అనే వర్తకుడు కూడా భార్యాబిడ్డలతో విడిది చేసి ఉన్నాడు. ఆయన ఈ మాటలు విన్నాడు. ఇసకలో దాగిన వస్తువును పట్టే రాయి! ఆ ఇసకలో ఎన్ని ఓడల సొమ్ము కూరుకుపోయి ఉందో!

రెండో రోజు పొద్దున్నే వచ్చి, "కమ్మరీ, ఒక్క పూట ఆ రాయి ఇయ్యి. మళ్లీ భద్రంగా తెచ్చిస్తాను" అని అడిగాడు.

"దాందేముంది, తీసుకెళ్లండి శెట్టిగారూ. అయితే అది ఇనుమునే పడుతుంది, బంగారాన్ని పట్టదు" అన్నాడు కోటిలింగం.

"సొమ్ము పెట్టెకు ఇనుప పట్టీలు ఉండవూ?" అని నవ్వి శెట్టి రాయి పట్టుకుపోయాడు.

ఊరికి కాస్త ఎడంగా ఉన్న ఇసకదిబ్బ మీద ఆయన పనివాళ్లు మధ్యాహ్నం దాకా వెతికారు. రాయి కదిలిన చోటల్లా గొయ్యి తీశారు. గోతికొక తుప్పు పట్టిన మేకు దొరికింది. పెట్టె కాదు గదా, చిల్లిగవ్వ దొరకలేదు.

"ఛీ, తుప్పు!" అని శెట్టి మేకులన్నీ గట్టుమీద పారేసి, రాయి తిరిగిచ్చి, తలస్నానం చేసి పడుకున్నాడు.

పైడమ్మ ఆ మేకులను ఒళ్లో వేసుకుని ఇంటికి తెచ్చింది. అన్నీ ఒకే పొడవు. అన్నీ ఒకే రకం తలలు. వాటిని చూడగానే నూకాలు చేతిలోని చేట జారి పడింది.

"ఎక్కడివమ్మా ఇవి?"

"దిబ్బ మీదివి పెద్దమ్మా. ఏం, నీకు తెలుసా?"

నూకాలు ఒక మేకు చేతిలోకి తీసుకుని గడప మీద కూర్చుంది. "మా ఊళ్లో పడవలకు మేకులుండవు తల్లీ. పలకలను కొబ్బరితాడుతో కుడతాం. మేకులు కొట్టిన పడవ ఒక్కటే ఉండేది. మా ఆయన పోలయ్యది. పన్నెండేళ్ల కిందట ఊరందరి పెద్దవల పడవలో వేసుకుని ఒక్కడే చేపల వేటకు పోయాడు. గాలివాన వచ్చింది. మిగతా పడవలవాళ్లు తిరిగొచ్చారు, ఆయన రాలేదు. పరాయి రేవులో వల అమ్ముకుని పారిపోయాడన్నారు. ఆ రోజునుంచి నాతో ఎవరూ మాట్లాడరు."

పైడమ్మ మేకులు పక్కన పెట్టి ఆమెను ఆనుకుని కూర్చుంది.

మూడో రోజు తెల్లవారగానే తండ్రిని వెంటబెట్టుకుని దిబ్బకు వెళ్లింది. శెట్టిగారి గోతులు అలాగే ఉన్నాయి. దగ్గర నిలబడితే వట్టి గోతులే. దిబ్బ కొసకు ఎక్కి కిందికి చూసింది. ఒక వరస ఇటు వంగింది, ఒక వరస అటు వంగింది. రెండూ చివర్లో కలుసుకున్నాయి.

"అయ్యా! పడవ! ఇది పడవ ఆకారం!"

పడవ ముక్కు ఉండాల్సిన చోటునుంచి ఊరి వైపు రాయిని మెల్లగా లాగుతూ నడిచింది. పదడుగులు వెళ్లేసరికి తాడు చేతిలోంచి జారిపోయేంత బలంగా రాయి ఇసకను కరుచుకుంది. తండ్రి పారతో తవ్వాడు. మోచేతి లోతున మనిషంత లంగరు బయటపడింది.

ఆ కబురు విని ఊరంతా వచ్చింది. ఊరిపెద్ద గంగన్న లంగరు చుట్టూ తిరిగాడు.

పైడమ్మ పోలయ్య పడవ మేకులు చూపిస్తూ, భయపడుతూనే అడిగింది. "తాతా, పారిపోయేవాడు తన ఊరి ముందే లంగరు వేస్తాడా?"

గంగన్న ఆ పిల్ల ముఖంలోకి చూశాడు. తరవాత తలపాగా విప్పి నడుముకు బిగించి, తానే పార అందుకున్నాడు. కుర్రకారంతా ఆయన వెనక దిగారు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి, ఆనాటి గాలివాన ఒడ్డుకు విసిరి ఇసకతో కప్పేసిన విరిగిన పడవ కనబడింది. దాని కడుపులో చివికిన తాళ్లు, వాటి నిండా వలకు బరువు కోసం కట్టే మట్టిగుండ్లు. ఆ వల నేసిన రోజున ఇంటికొక గుండు చొప్పున చేసి, ఒక్కొక్కరూ దాని మీద బొటనవేలు నొక్కి ముద్రవేశారు. కాల్చిన మట్టి కదా, ముద్రలు చెక్కుచెదరలేదు.

ఒక ముసలామె ఒక గుండును ఎత్తి, దాని మీది గుంటలో తన వేలు పెట్టి చూసుకుంది. సరిగ్గా సరిపోయింది. ఆమె ఏడ్చేసింది.

వల ఎక్కడికీ పోలేదు. పోలయ్య దాన్ని వదిలేసి ఈదుకుని వచ్చి ఉంటే బతికేవాడేమో. వలను ఒడ్డుకు చేర్చాలనే ఆఖరుదాకా పాటుపడ్డాడు. మనిషి మాత్రం దొరకలేదు. సముద్రం తన దగ్గరే ఉంచుకుంది.

గంగన్న నూకాలు ఎదుట నిలబడి చేతులు జోడించాడు. "అమ్మా, పన్నెండేళ్లు నీ ఉసురు పోసుకున్నాం. ఆ రోజే ఒక్కరమైనా ఈ దిబ్బ మీదికి వచ్చి చూడలేదు."

నూకాలు వంగి పడవ పలకను చేత్తో తడిమింది. "ఆయనకు దీపం పెట్టండి బాబూ, అంతా మా ఇంటికి రండి" అంది.

ఆ సాయంత్రం వేటనుంచి వచ్చిన మొదటి చేప ఆమె గుమ్మంలోకి వచ్చింది. దాని వెనకే ఆడవాళ్లంతా వచ్చారు. ఆ ఇంట్లో కూర్చోవడానికి చోటు చాలలేదు.

గురవశెట్టి కూడా వచ్చి ఓ మూల నిలబడ్డాడు. పైడమ్మను దగ్గరకు పిలిచి, "అమ్మాయ్, ఆ గోతులు తవ్వించింది నేను. అక్కడే మధ్యాహ్నం దాకా తిరిగాను. నాకు ఇదంతా ఎందుకు కనబడలేదంటావు?" అని నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

పైడమ్మ అంది, "ఏమోనండీ. ఆ మేకులు అక్కడికి ఎలా వచ్చాయా అని నాకు రాత్రంతా ఒకటే ఆలోచన. మీకు రాలేదా?"

శెట్టి తల అడ్డంగా ఊపి, పక్కనున్న చాప మీద పిల్లలతో పాటు చతికిలబడ్డాడు.

కాబట్టి పిల్లలూ, దొరికిన వస్తువు ఎంత ధర పలుకుతుందో చూసి ఊరుకోకుండా, అది అక్కడికి ఎలా వచ్చిందని అడిగే వారికే నిజం దొరుకుతుంది.