నూట పన్నెండు బండల రాజు

మణిదుర్గాన్ని ఏలే విజయకేతు మహారాజుకి ఒకానొక వానాకాలంలో ఒక మురుగు కాలువ మీద అసూయ పుట్టింది. పొరుగు రాజు ఏనుగుల మీదో, వజ్రాల మీదో కుళ్ళుకునే రాజుల గురించి విన్నాం. ఈయనది మాత్రం మురుగు కాలువ.

రాజధానికి కోసెడు దూరంలో గవ్వలపేట అనే చిన్న ఊరుండేది. దానికి రాజు లేడు, కోట లేదు. ఊరి పెద్దలే కూర్చుని అన్నీ చక్కబెట్టుకునేవారు. ఆ ఊరి నడివీధి కింద నూట పన్నెండు ఇళ్ళ వాడుక నీళ్ళు మోసుకుపోయే కాలువ ఉంది. దాని మీద ఇంటికొకటి చొప్పున బండలు పరిచారు. ప్రతి బండ మీద ఆ ఇంటివారి పేరు చెక్కి ఉంటుంది. ఆ బండల గురించి ఊళ్ళో ఒక కట్టుబాటు కూడా ఉంది. దాని సంగతి రాజు ఎన్నడూ అడగలేదు.

మణిదుర్గంలో నాలుగు చినుకులు పడితే చాలు, రాజవీధిలో బోయీలు పల్లకీని మోకాటిలోతు మురికిలో మోసేవారు. అదే వాన వెలిసిన గంటకి గవ్వలపేట ఆడవాళ్ళు వాకిళ్ళలో ముగ్గులు పెట్టుకునేవారు.

ఒకనాడు దూరదేశపు వర్తకుడొకడు నిండు సభలో అన్నాడు: "మహారాజా, మీ ప్రాంతంలో నా కళ్ళు చెదిరే కట్టడం ఒకటి చూశాను."

కొత్తగా కట్టించిన సభామండపం గురించే అనుకుని రాజు మీసం సవరించుకున్నాడు. వర్తకుడు గవ్వలపేట కాలువ గురించి మొదలుపెట్టాడు. దాని వాలు గురించి చెప్పాడు, బండల గురించి చెప్పాడు, దాని ఆలనాపాలనా చూసే నాగసానమ్మ అనే ముసలామె గురించి చెప్పాడు. మండపంలోనే కూర్చుని, మండపం ఊసెత్తకుండా, చాలాసేపు చెప్పాడు.

ఆ పూట రాజుకి అన్నం సహించలేదు.

మర్నాడే గవ్వలపేట మణిదుర్గంలో కలిసిపోయిందని దండోరా పడింది. పేటకి ఎగువన ఉన్న మిట్ట మీద రాజుకొక విడిది, చుట్టూ ఉద్యోగులకి మూడు వందల మేడలు లేస్తాయనీ, వాటి మురుగంతా పేట కాలువలోకే వదులుతారనీ కూడా చాటారు. ముందుగా విడిది లేచింది. మేడలకి ముగ్గు పోశారు.

నాగసానమ్మ కర్ర పొడుచుకుంటూ సభకి వచ్చింది. "రాజా, మా కాలువ నూట పన్నెండు ఇళ్ళ కొలతకి కట్టింది. పైనుంచి మూడు వందల మేడల నీళ్ళు వదిలితే, మా గడపలు దాటి వంటిళ్ళలోకి వస్తాయి. మీ మేడలకి వేరే కాలువ తవ్వించుకోండి."

రాజు చెవికి మిగతా మాటలేవీ ఎక్కలేదు. ఒక్క మాటే ముల్లులా దిగింది.

"మా కాలువా? ఇంకా మీ కాలువేమిటి? బొప్పనా! శాసనం రాయి."

బొప్పన ఆస్థాన లేఖకుడు. మాటకారి. రాజుకి కోపం వచ్చినప్పుడు ఎదురు చెప్పకుండా గంటం పట్టుకోవడం అతని అలవాటు.

"చెప్పండి ప్రభూ."

"నూట పన్నెండు బండల మీదా పాత పేర్లు చెరిపి నా పేరు చెక్కాలి."

"చిత్తం. పేర్లు మారాయి. మరి పేట కట్టుబాట్లు?"

"వాటితో నాకేం పని? ఉన్నవి ఉన్నట్టే ఉండనీ. పేరు నాదైతే చాలు." రాజు ముసలామె వంక ఓరగా చూశాడు. "ఇంకొకటి రాయి. నా పేరున్న బండ మీద ఇంకొకరి చెయ్యి పడితే దేశబహిష్కారం."

"ఇంకెవరి చెయ్యీ పడకూడదా ప్రభూ?"

"ఎవరి చెయ్యీ పడకూడదు! సేనాపతిదైనా సరే, మంత్రిదైనా సరే. తెలిసిందా?"

"బాగా తెలిసింది ప్రభూ" అని బొప్పన రాసి చదివి వినిపించాడు. రాజు తన పేరున్న చోట్లు రెండుసార్లు చదివించుకుని ముద్ర వేశాడు. నాగసానమ్మ ఏదో అనబోయింది. బొప్పన ముఖం చూసి ఊరుకుంది.

శిల్పులు మూడు నెలలు చెక్కారు. పని పూర్తయ్యాక రాజు నడివీధి ఈ చివరి నుంచి ఆ చివరికి కాలినడకన వెళ్ళి తన పేరు నూట పన్నెండుసార్లు చదువుకున్నాడు. నాగసానమ్మ ఇంటి ముందు బండ మీద అక్షరాలు కాస్త పెద్దవిగా చెక్కించాడు.

మృగశిర కార్తె వచ్చింది. ఆ ఉదయం విడిది ముందు డప్పు మోగింది. రాజు బయటికొస్తే పేట జనమంతా నిలబడి ఉన్నారు. ముందు నాగసానమ్మ. ఆమె చేతిలో ఒక పార, ఒక గంప, ఒక గునపం.

"ఇవేమిటి?" అన్నాడు రాజు.

"మీవే రాజా. కార్తె మొదటి రోజున బండ మీద పేరున్నవాళ్ళే బండ లేపి, కాలువలోకి దిగి, పూడిక తియ్యాలి. కూలికి పెట్టకూడదు. తాను తియ్యాల్సొస్తుందని తెలిస్తే ఎవడూ అందులో చెత్త పొయ్యడని మా తాతలు పెట్టిన కట్టుబాటు. పోయిన ఏడు దాకా ఇంటికొక బండ. ఈ ఏడు అన్నీ మీవే."

రాజు భటుల వైపు చూశాడు. ఇద్దరు ముందుకి కదిలారు. బొప్పన తాటాకు విప్పి గొంతు సవరించుకున్నాడు.

"'ఇంకొకరి చెయ్యి పడితే దేశబహిష్కారం.' పెళ్ళాం పిల్లల్ని తీసుకెళ్తారా నాయనా, ఒక్కళ్ళే పోతారా?"

భటులు కదిలినంత వేగంగా వెనక్కి తగ్గారు. సేనాపతి చేతులు రెండూ వీపు వెనక పెట్టుకున్నాడు.

"ఈ ఏడు తియ్యకపోతే ఏమౌతుంది?" అన్నాడు రాజు.

బొప్పన ఆకాశం వంక చూశాడు. పడమట మబ్బు నల్లగా దిగుతోంది. "ఏమీ కాదు ప్రభూ. కాలువ పొంగుతుంది. ఏ బండ దగ్గర పొంగినా దాని మీద మీ పేరే ఉంటుంది. నాగసానమ్మ కాలువ చూసిన వర్తకుడు వచ్చే వారం మళ్ళీ వస్తున్నాడట. ఈసారి విజయకేతు మహారాజు కాలువ చూస్తాడు."

"శాసనం రద్దు చేస్తే?"

"తక్షణం చేద్దాం. పేర్లతో సహా పోతుంది."

ముసలామె పేరు మళ్ళీ ఎక్కడమా! రాజు గునపం లాక్కున్నాడు. తలపాగా తీసి బొప్పన చేతిలో పెట్టాడు. పెద్ద అక్షరాల బండ దగ్గరికే నేరుగా వెళ్ళి, మూడు ఊపుల్లో దాన్ని లేపి లోపలికి దిగాడు.

దిగాడు కానీ తిరగలేకపోయాడు. ఇటు గోడ భుజానికి తగిలింది, అటు గోడ మోచేతికి తగిలింది. వంగితే పార పట్టదు, పార పడితే వంగలేడు. నాలుగు గంపలు తీసేసరికి చెమటలు కారాయి. మీసానికి బురద అంటింది.

నాగసానమ్మ అంచున కూర్చుని తొంగి చూసింది. "ఏం రాజా, ఇరుకుగా ఉందా?"

"ఇరుకేమిటి! మనిషి తిరగడానికే చోటు లేదు!"

"ఒక్కరు దిగితేనే తిరగలేకపోతున్నారు. మూడు వందల మేడల నీళ్ళు ఎలా తిరుగుతాయి?"

రాజు పార ఆపాడు. కుడిగోడ మీద చెయ్యి పెట్టాడు, ఎడమగోడ మీద చెయ్యి పెట్టాడు. ఇంకా నూట పదకొండు బండలున్న వీధిని తల పైకెత్తి చూశాడు. తర్వాత తన తలపాగాని రెండు చేతులతో భక్తిగా పట్టుకుని నిలబడ్డ బొప్పనని చూశాడు.

"ఆ రోజు 'ఇంకెవరి చెయ్యీ పడకూడదా' అని అడిగావు."

"రెండుసార్లు అడగాల్సింది ప్రభూ. తప్పు నాదే."

కాలువలోంచి నవ్వు మొదలైంది. ముందు రాజే నవ్వాడు. ఆ నవ్వు వీధంతా పాకింది.

చినుకులు పడకముందే శాసనం రద్దయింది. ఎవరి బండ వాళ్ళు లేపుకున్నారు. మిట్ట మీది మేడలకి వేరే కాలువ తవ్వాలనీ, అక్కడ కూడా మేడకొక బండ, బండకొక పేరు ఉండాలనీ కొత్త శాసనం పుట్టింది. సేనాపతి ముఖం వాడిపోయింది. రాజు తన భుజం మీది పట్టుశాలువా తీసి బొప్పనకి కప్పాడు. దానికి కాస్త బురద అంటి ఉంది. బొప్పన కళ్ళకద్దుకున్నాడు, ముక్కుకి మాత్రం దూరంగా ఉంచాడు.

కొత్త కాలువ మొదటి బండ విడిది ముందే పడింది. దాని మీద రాజు పేరుంది. మరుసటి మృగశిరకి రాజు తెల్లవారకముందే దిగి, అద్దంలా తుడిచి పైకొచ్చి, నేరుగా పేటలోకి నడిచి, నాగసానమ్మ బండ కింద తొంగి చూశాడు.

ఆమెది అప్పటికే పారుతోంది.

ఆ పూట కూడా ఆయనకి అన్నం సహించలేదు.