కరాళుడు కదలని మూల

ముందు మీరు చెప్పండి. ముంగిలి నిండా గవ్వలు పరిచి ఉంటే మీరేం చూస్తారు? గవ్వలేనా? ఇద్దరు రాకుమారులూ అవే చూశారు, రాళ్ళైపోయారు. వినండి.

ఏడు సముద్రాలకు ఇవతల ఒక రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాలకు అవతల కరాళుడనే మాంత్రికుడు. వాడు హేమాంగి అనే రాకుమార్తెను ఎత్తుకుపోయి ముంగిలి ఊడ్చే పనికి పెట్టాడు. వాడి ప్రాణం పంజరంలోని చిలకలో ఉంది. ఆ సంగతి వాడే చెప్పుకునేవాడు, అంత పొగరు.

పెద్దవాడు ఆమెను విడిపించడానికి వెళ్ళాడు. కరాళుడి ముంగిట్లో గవ్వలు నలుచదరంగా పరిచి ఉన్నాయి.

“ఇవి తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై ఒక్క గవ్వలు. ఒక్కటీ మిగలకుండా సమానమైన వరుసల్లో పేర్చు, పంజరం తెరుచుకుంటుంది. అన్నీ ఒకే వరుసగా పెడితే ఒప్పుకోను. ఇది ఎలా పంచినా సమానంగా విరగని సంఖ్యరా! విరగదని నీ నోటితో అన్నావో, రాయివే” అన్నాడు కరాళుడు.

పెద్దవాడు రెండేసి పేర్చాడు, ఒకటి మిగిలింది. మూడేసి పేర్చాడు, ఒకటి మిగిలింది. ఐదేసి పేర్చాడు, మళ్ళీ ఒకటే. “విరగదు” అన్నాడు, రాయైపోయాడు. రెండోవాడు వచ్చి ఏడేసి పేర్చాడు, రెండు మిగిలాయి. పదకొండేసి పేర్చాడు, మూడు మిగిలాయి. వాడూ రాయే.

మూడోవాడు చిత్రసేనుడు. దారిలో వలలో చిక్కిన పీతను విడిపించి, వెంట తెచ్చుకున్నాడు. గవ్వలు మళ్ళీ నలుచదరంగా పరిచి ఉన్నాయి. అతను వాటిని ముట్టుకోలేదు. కరాళుడినే చూస్తూ కూర్చున్నాడు. వీడు ఆ చదరం మూలనున్న పెద్ద పీట దిగడేం? తిండీ అక్కడే, కునుకూ అక్కడే!

హేమాంగి చీపురుతో దగ్గరకొచ్చి గొణిగింది. “ముంగిలంతా ఊడవమంటాడు. ఆ పీట కింద మాత్రం చీపురు పెట్టనివ్వడు.”

“నువ్వు వాడి మనిషివి కావని నమ్మకమేంటి?”

“నమ్మకు. చూసుకో.”

పీత పీట కిందికి దూరి వచ్చింది. “అబ్బాయీ, అక్కడ గవ్వల్లేవు. మూడు వరుసల్లో మూడేసి, తొమ్మిది గవ్వల చోటు ఖాళీ.”

చిత్రసేనుడు లేచాడు. వంద వరుసలు, వరుసకు వంద. చివరి మూడు వరుసలే పొట్టివి, తొంభై ఏడేసి. మిగతావి కూడా తొంభై ఏడు వరుసలే!

“పీతమ్మా, నీవాళ్ళను పిలువు. ఆ మూడు పొట్టి వరుసల్నీ ఎత్తి, మిగతా వాటి పక్కన నిలువుగా పెట్టించు.”

“పక్కకు నడవడమేగా? మాకు వచ్చిందే అది” అంటూ పీతల దండు కదిలింది.

“విరగదంటే వినవేరా!” అని అరిచాడు కరాళుడు. పీట మాత్రం దిగలేదు.

తొంభై ఏడు వరుసలు. వరుసకు నూట మూడు. ఒక్క గవ్వ మిగల్లేదు. పంజరం తెరుచుకుంది, చిలక ఎగిరిపోయింది, దానితోపాటే కరాళుడి ప్రాణమూ పోయింది. రాళ్ళు ఒళ్ళు విరుచుకుని అన్నలై లేచాయి.

వాళ్ళే దగ్గరుండి తమ్ముడికీ హేమాంగికీ పెళ్ళి చేశారు. ఆ ఇద్దరూ తల నెరిసేదాకా రాజ్యమేలారు. హేమాంగి తమ సింహాసనం కింద కూడా రోజూ ఊడ్పించేది.

సరే, మీ సంగతి చెప్పండి. ఏదో ఒకటి విరగదని మీకు చెప్పినవాడు, ఎక్కడ కూర్చుని చెప్పాడు?